పుట్టనివారి వంతెన

మల్లేరుపాడు ప్రభుత్వ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పే పరాంకుశం గారికి ఒక ఏడాది విద్యార్థులు బొత్తిగా లేకుండా పోయారు. అంతకుముందు ఏడాది ఒకడుండేవాడు. వాడైనా హాస్టల్లో చోటు కోసం చేరినవాడే. చోటు దొరగ్గానే చరిత్రలోకి మారిపోయాడు. ప్రిన్సిపాలు గారు పిలిపించి, తత్వశాస్త్రం గదిని వాలీబాల్ నెట్లు పెట్టుకోవడానికి వ్యాయామశాఖ అడుగుతోందనీ, కాలానికి తగ్గ కొత్త విషయమేదైనా చెబితే తప్ప తాను ఆపలేననీ సౌమ్యంగా తెలియజేశారు.

పరాంకుశం గారు బాగా ఆలోచించారు. ఆయనకు చేతనైన పని అదొక్కటే. ఆలోచించగా ఒక సత్యం బోధపడింది. గతం గురించి మాట్లాడితే జనం ఆధారాలు అడుగుతారు. వర్తమానం గురించి మాట్లాడితే సాక్షులు ఎవరంటారు. భవిష్యత్తు గురించి మాట్లాడితే శాలువా కప్పుతారు.

మొదటి శాలువా ఊళ్ళో బియ్యం వర్తకుల సంఘం వారు కప్పారు. "రాబోయే శతాబ్దంలో మానవుడు" అనే అంశం మీద ఆయన మాట్లాడుతూ, ముందు ముందు మనిషి ధరించిన చొక్కాయే అతని జ్వరం కనిపెట్టి వైద్యుడికి కబురు చేస్తుందనీ, తలగడ మనం రాత్రి కన్న కలను పొద్దున్నే మనకు వినిపిస్తుందనీ చెప్పారు. వర్తకులు సంతోషించారు. ఒకాయన మాత్రం లేచి, ఆ కల ఇంట్లోవాళ్ళకు కూడా వినిపిస్తుందా అని అడిగాడు. వినిపించకుండా సర్దుబాటు ఉంటుందని పరాంకుశం గారు హామీ ఇచ్చారు. సభ ఊపిరి పీల్చుకుంది.

ఆపైన ఆయన వెనక్కి తిరిగి చూసుకోలేదు. తిరిగి చూసుకోవడం భవిష్యత్ తత్వవేత్తకు శోభ కూడా కాదు. జిల్లా సభలు, విశ్వవిద్యాలయాలు, టీవీ చర్చలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆయన చెప్పినవి జరగలేదని ఎవరూ అనలేకపోయారు, అప్పటికింకా సమయం ఉంది కనుక. ఇదంతా ఆయన మోసంగా చేశారనుకుంటే పొరపాటు. నమ్మకుండా ఒక్క ముక్క చెప్పి ఎరగరు. మనిషి బాగుపడతాడనీ, యంత్రాలు అతనికి చెయ్యందిస్తాయనీ నిండు మనసుతో నమ్మారు. ఆయన భార్య రంగనాయకి గారు మాత్రం, బాగుపడేదాకా వీధి కుళాయి ఎవరు బాగుచేస్తారో కనుక్కోండి అనేవారు.

ఒకసారి రాజధానిలో సాంకేతికత, మానవ ప్రగతి అనే విషయం మీద పెద్ద సభ జరిగింది. మంత్రిగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పరాంకుశం గారు చొక్కాయి, తలగడ అన్నీ అయిపోగొట్టాక, ముగింపుకి ఏమీ మిగలక, మనసులో ఉన్న మాట ఒకటి అనేశారు. మనం ఈనాడు తీసుకునే ప్రతి నిర్ణయమూ ఇంకా పుట్టనివాళ్ళ నెత్తిన పడుతుంది గనుక, అందులో వాళ్ళకూ ఒక మాట ఉండాలని. అంతవరకూ ఆయన చెప్పినవాటిలో నిజంగా మంచి మాట అదే. ప్రభుత్వం దాన్నే పట్టుకుంది.

వెంటనే భావితరాల సంప్రదింపుల శాఖ ఏర్పడింది. పరాంకుశం గారు దానికి ప్రధాన సలహాదారు. ఆయనకొక కారు, ఆ కారుకొక డ్రైవరు వచ్చారు. శాఖకు ముఖ్య కార్యదర్శిగా సదాశివ పట్నాయక్ గారిని వేశారు. ఆయన ప్రభుత్వ ఉత్తర్వుల భాష తప్ప మరో భాష మాట్లాడి చాలాకాలమైంది. ఇంట్లో కాఫీ కావలసినా "సరఫరా చేయగలరు" అనేవారని చెప్పుకునేవారు.

తొలి సమావేశంలోనే చిక్కు వచ్చింది. పుట్టనివాళ్ళను సంప్రదించడం ఎలా అని ఒక చిన్న ఉద్యోగి అడిగాడు. పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"విషయము సూత్రప్రాయముగా ఆమోదింపబడినది. కావున వారు పుట్టకపోవుట అనునది కేవలము కార్యనిర్వాహక సమస్య" అన్నారు.

ముందు బహిరంగ విచారణలు పెట్టి చూశారు. పుట్టబోయేవారి కోసం తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు ముందు వరసలో వేశారు. వారెవరూ నోరు మెదపలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకుందామంటే న్యాయశాఖ ఒప్పుకోలేదు. పుట్టినవాడి మౌనం అంగీకారం కావచ్చుగాని, పుట్టనివాడు మొహమాటం కొద్దీ మౌనంగా ఉన్నాడో, కోపంతో ఉన్నాడో తేల్చలేమని రాసింది. అప్పుడు పరాంకుశం గారు దారి చూపించారు. పుట్టనివాళ్ళ తరఫున ఆలోచించి మాట్లాడే యంత్రం ఒకటి తయారు చేయించవచ్చని, కొత్త సాంకేతికత ఉన్నది ఇందుకేనని చెప్పారు. రాజధానిలో ఒక కంపెనీ ఆ పని తీసుకుంది. యంత్రానికి 'భావివాణి' అని పేరు పెట్టారు.

యంత్రానికి మాటలు నేర్పాలంటే ముందు బోలెడు రాతలు చదివించాలి. పుట్టనివాళ్ళు రాసినవేవీ దొరకలేదు. సచివాలయం నేలమాళిగలో జనం దశాబ్దాలుగా పెట్టుకున్న అర్జీలు గుట్టలుగా పడివున్నాయి. అప్పటిదాకా వాటిని ఎవరూ చదవలేదు. కంపెనీవారు వాటన్నిటినీ భావివాణికి చదివించారు.

మంత్రిగారు బొత్తాం నొక్కగానే యంత్రం గొంతు సవరించుకుని ఇలా పలికింది.

"మహారాజశ్రీ ప్రభుత్వము వారి దివ్యసముఖమునకు, ఇంకను జన్మింపని మేము చేసుకొను విన్నపము ఏమనగా, మేము కడు నిరుపేదలము. మాకు సెంటు భూమి లేదు. ఇల్లు లేదు. ఒళ్ళును లేదు. కావున తమరు దయతలచి మాకు న్యాయము చేయగలందులకు ప్రార్థన."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు కంట తడి పెట్టారు. ఇదే మాట పుట్టినవాళ్ళు రాసుకున్నప్పుడు ఎవరి కళ్ళూ తడవలేదన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. పరాంకుశం గారికి కూడా తట్టలేదు.

అక్కణ్ణించి శాఖ పరుగులు పెట్టింది. పుట్టబోయేవారికి ఇళ్ళ స్థలాలు కేటాయించి, హద్దురాళ్ళు పాతించి, వాటిలో ఇప్పటివాళ్ళు గేదెల్ని కట్టెయ్యకుండా కాపలా పెట్టారు. ఆర్టీసీ బస్సుల్లో కిటికీ పక్క సీట్లు వారికే అన్నారు. జనం వేలాడుతూ ప్రయాణం చేస్తుంటే ఆ సీట్లు మాత్రం కిటికీలోంచి చల్లగాలి తింటూ పోయేవి. మంచినీళ్ళు ఒకరోజు ఇప్పటివాళ్ళకు వదిలి, మర్నాటి నీళ్ళు రేపటివాళ్ళ పేర ట్యాంకులోనే అట్టేపెట్టారు. ఇప్పటివాళ్ళను 'పుట్టినవారు' అనడం నిందలా ధ్వనిస్తున్నదని ఎవరో అభ్యంతరం చెప్తే, 'పూర్వీకులు' అనాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆఫీసుల్లో కిటికీల దగ్గర "పూర్వీకులు వరుసలో నిలబడవలెను" అని బోర్డులు వెలిశాయి.

ఇవన్నీ చూసి పరాంకుశం గారికి అప్పుడప్పుడూ ఎక్కడో కలుక్కుమనేది. కాని ఎక్కడ తప్పుందో వెతికితే ప్రతి మెట్టూ ముందటి మెట్టు మీద సరిగ్గానే కూర్చుని కనిపించేది. మొదటి మెట్టు తనదే. తర్కానికి కట్టుబడని తత్వవేత్త ఎందుకు అనుకుని సర్దుకునేవారు.

మల్లేరు వంతెన విషయంలోనూ అలాగే సర్దుకున్నారు. ఊరికీ పెద్దాసుపత్రికీ మధ్య మల్లేరు పారుతుంది. జనం తాతల కాలం నుంచీ పంటు మీద ఏరు దాటుతున్నారు. మనుషులు, మోటారు సైకిళ్ళు, మేకలు అన్నీ ఆ పంటు మీదే. ఎన్నో ఏళ్ళు పట్టి ఎట్టకేలకు వంతెన పూర్తయింది. రిబ్బను కత్తిరించడమే తరువాయి. నియమం ప్రకారం ముందు భావివాణిని అడిగారు.

"అయ్యా, ఈ వంతెనను ఇప్పటి పూర్వీకులు వాడినచో మేము పుట్టునాటికి పాతబడి, మాకు శిథిలమే దక్కును. కావున మేము వచ్చువరకు కొత్తగా ఉంచి ఇప్పించగలరు" అని యంత్రం విన్నవించింది.

ఇందులో కాదనడానికేమీ లేదు. కొత్త సోఫా మీద ప్లాస్టిక్ కవరు తియ్యని ఇళ్ళు మన దేశంలో ఎన్ని లేవు. వంతెన మీద ఈ కొస నుంచి ఆ కొసకు దళసరి ప్లాస్టిక్ పట్టా పరిపించారు. రెండు వైపులా వెదురు బొంగు అడ్డం కట్టారు. ఊరివైపు అప్పన్న అనే కాపలాదారుణ్ణి పెట్టారు. ఉత్తర్వు మీద ప్రధాన సలహాదారుగా పరాంకుశం గారు సంతకం చేశారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే రంగనాయకి గారు వంకాయలు తరుగుతూ, అమ్మాయి పురిటికి వస్తోంది, పంటు అడుగు చెక్క పుచ్చింది అని మాత్రం అన్నారు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు గోద విశాఖపట్నం నుంచి పురిటికి పుట్టింటికి వచ్చింది. అల్లుడికి ఓడరేవులో ఉద్యోగం, సెలవు దొరకలేదు. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా వ్యవధి ఉండగానే, ఒకనాటి మధ్యాహ్నం భోజనాల వేళ నొప్పులు మొదలయ్యాయి. రేవుకు మనిషిని పంపితే, ఎండలకు నీరు తీసి పంటు ఇసకలో కూరుకుపోయిందని కబురొచ్చింది. చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డు పొద్దువాలితే గాని ఆసుపత్రికి చేర్చదు. పరాంకుశం గారు భార్యనూ కూతుర్నీ కారులో ఎక్కించుకుని నేరుగా వంతెన దగ్గరకు పోనిమ్మన్నారు.

అప్పన్న లేచి సలాం చేశాడు. బొంగు మాత్రం ఎత్తలేదు.

"తమరి సంతకమే గదండీ బాబూ. పూర్వీకుల్ని వదిలితే నా ఉద్యోగం పోద్దండి" అన్నాడు. అతని మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే భయపడుతున్నాడు.

పరాంకుశం గారు పట్నాయక్ గారికి ఫోన్ చేశారు. ఆయనది తత్వవేత్త బుర్ర గనుక క్షణంలో వాదం సిద్ధమైంది. కడుపులో ఉన్నది ఇంకా పుట్టనిది. పుట్టనివారిదే వంతెన. కనుక వంతెన సొంతదారే ఇప్పుడు వచ్చి అడుగుతున్నారు.

పట్నాయక్ గారు ఆలోచించి జవాబిచ్చారు. "గర్భస్థ శిశువు అర్హతలో సందేహము లేదు. తల్లిగారి విషయమే పరిశీలింపవలసియున్నది. ఆమె పుట్టియున్నారు."

తల్లి లేకుండా బిడ్డ ఎలా దాటుతుందని పరాంకుశం గారు అడిగారు. అవసరమైతే తల్లిని రవాణా సాధనంగా పరిగణించవచ్చని పట్నాయక్ గారు ఒప్పుకున్నారు. కాని వంతెన మీద రవాణా సాధనాలకు అనుమతి లేదన్న నిబంధన వెంటనే ఆయనకే గుర్తొచ్చింది. దాన్ని సడలించాలంటే భావివాణిని సంప్రదించాలి. లైన్లో ఉండమని, పక్కనున్న యంత్రాన్ని అడిగారు. పుట్టనివారు పుట్టనివారి మీద అభ్యంతరం చెప్పారు. ఒకరికి వదిలితే అందరూ వస్తారనీ, వంతెన పాడవుతుందనీ విన్నవించుకున్నారు.

"నాన్నా, ఇంకెంతసేపు?" అంది గోద కారులోంచి. పెదవి కొరుక్కుంటోంది. నుదుటి మీద చెమట పట్టింది.

రంగనాయకి గారు దిగి కూతుర్ని దింపారు. మోచేయి కింద చెయ్యి వేసి పట్టుకున్నారు. అప్పన్న ముందు నిలబడి, అతను పక్కకు జరిగేదాకా అతని మొహంలోకే చూశారు. జరిగాక భర్తవైపు తిరిగారు.

"మీరు మాట్లాడుతూ ఉండండి. మేం వెళ్తాం" అన్నారు.

ఆడవాళ్ళిద్దరూ బొంగు కిందనుంచి వంగి అవతలికి పోయారు. పరాంకుశం గారు ఫోన్ పట్టుకుని ఇవతలే నిలబడ్డారు. ఫోన్లో సంగతి ఏదో తేలేలా ఉందని ఆయనకు ఆశ. పైగా అడ్డం కట్టించింది తనే, తనే ఎలా దాటడం. పట్నాయక్ గారు ఒక పూర్వపు ఉత్తర్వులోని మూడో పేరాకు వచ్చారు. దూరంగా ఇద్దరూ నడుస్తున్నారు. ఆగుతున్నారు. మళ్ళీ నడుస్తున్నారు. వంతెన నడిమధ్య పిట్టగోడ పక్కన గోద కూలబడింది. అవతలి గట్టున టీకొట్టు దగ్గరున్న ఆసుపత్రి నర్సు ఎవరో చూసి పరుగెత్తుకు రావడం కనిపించింది. కాసేపటికి ఏటి గాలి మీద సన్నగా ఏడుపు వినిపించింది.

"అట్లే కానిండు. పుట్టబోవు శిశువు ఒకరిని అనుమతించుచున్నాము" అని ఫోన్లో పట్నాయక్ గారు అప్పుడే చెబుతున్నారు.

పరాంకుశం గారు ఫోన్ ఆపలేదు. అప్పన్న చేతిలో పెట్టేసి, బొంగు కింద దూరి, కండువా జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తారు. కాళ్ళ కింద ప్లాస్టిక్ పటపటలాడింది. ఆయన అంత వేగంగా వర్తమానంలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆడపిల్ల. ఎర్రగా, ముడతలు ముడతలుగా, ఎవరిమీదో కోపంగా ఉంది. అరగంట కిందటి తన వాదం ఎంత బాగుందో, ఆ అరగంటలో ఈ పిల్లకేమయినా అయివుంటే దానికి ఏ జవాబుండేదో అనుకునేసరికి ఆయన కూడా పట్టా మీదే కూర్చుండిపోయారు. అందరూ కలిసి తల్లినీ బిడ్డనూ అవతలికి చేర్చారు. ఇద్దరూ క్షేమం.

పిల్లకు ఇంకా పేరు పెట్టకముందే శాఖ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. చిరునామా స్థానంలో "పేరు పెట్టని ఆడశిశువు గారికి" అని ఉంది. సదరు శిశువు వంతెన మధ్యవరకు పుట్టబోవు హోదాలో వచ్చినందున అభ్యంతరం లేదు. అక్కడ నుంచి అవతలి గట్టు వరకు పూర్వీకురాలి హోదాలో అనుమతి లేకుండా వాడుకున్నందుకు చర్య ఎందుకు తీసుకోరాదో స్వయంగా హాజరై చెప్పుకోవాలి.

విచారణ మండల కార్యాలయంలో జరిగింది. భావితరాల మండలాధికారి గున్నేశ్వరరావు ఆ మండలంలో శాఖకు కళ్ళూ చెవులూ. మంచి మనిషే, ఊళ్ళో అందరికీ తెలిసినవాడే. శాఖ మండలానికొకటి చొప్పున పంపిన భావివాణిని బల్ల మీద పెట్టి పూలదండ వేశాడు. ముందు వరసలో తెల్లగుడ్డ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక ఊరి జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పచ్చి బాలింత గోద పిల్లనెత్తుకుని బల్ల ముందు నిలబడింది.

గున్నేశ్వరరావు నోటీసు చదివి, శిశువు గారు ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాడు. అతనికీ సిగ్గుగానే ఉంది, తల ఎత్తలేదు. పిల్ల నిద్రలేచి గుక్కపట్టి ఏడ్చింది. భావివాణిలో దీపం వెలిగింది. పుట్టనివాళ్ళ మనసులో మాట అంతా తెలిసిన ఆ యంత్రం కాసేపు విని ఇలా అంది.

"అర్జీ స్పష్టముగా లేదు. తెలుగున గాని ఆంగ్లమున గాని, మార్జిను వదలి, మరల సమర్పించుకొనగలరు."

పరాంకుశం గారు మనవరాలి వైపు చూశారు. ఇన్నేళ్ళుగా భవిష్యత్తు గురించి మాట్లాడారు గాని ఆయన దాన్ని కళ్ళారా చూడటం ఇప్పుడే. దానికి చొక్కాయి జ్వరం కనిపెట్టనక్కర్లేదు. ఆకలేస్తోంది, వాళ్ళమ్మకు కూర్చోడానికి చోటు లేదు. ఆయన ముందు వరసలోకి వెళ్ళి ఒక కుర్చీ మీది తెల్లగుడ్డ తీసేశారు. గోదను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

"సార్, అవి పుట్టబోయేవాళ్ళకండి" అన్నాడు గున్నేశ్వరరావు నెమ్మదిగా.

"తెలుసు నాయనా. వేయించింది నేనే. ఒకావిడ వచ్చేసింది, కూర్చోనియ్యి."

గున్నేశ్వరరావు రూలు పుస్తకం తెరిచి మళ్ళీ మూసేశాడు. గోడకు ఆనుకున్న ఒక ముసలమ్మ, కాళ్ళు లాగుతున్నాయంటూ వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. ఆమె వెనక చంటిపిల్లాడి తల్లి. ఆమె వెనక కుంటుతూ మరొకాయన. కాసేపట్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పరాంకుశం గారు ఆ బల్ల మీదే కాగితం తీసుకుని ప్రధాన సలహాదారు పదవికి రాజీనామా రాసిచ్చారు. కారును డ్రైవరుతో శాఖకు పంపేసి, ఆటోలో ఇంటికి వెళ్ళారు.

గున్నేశ్వరరావు అబద్ధం రాసే మనిషి కాదు. చూసింది చూసినట్టు, "ఈ విచారణలో భావితరాలకు కేటాయించిన కుర్చీలు తొలిసారిగా పూర్తిగా నిండినవి" అని పైకి నివేదిక పంపాడు. రాజధానిలో అది చదివి పట్నాయక్ గారు పులకించిపోయారు. మల్లేరుపాడులో భవిష్యత్తు హాజరైందని మంత్రిగారికి విన్నవించారు. భవిష్యత్తు వచ్చాక దాని వంతెన దానికివ్వాలి, కాని పాత ఉత్తర్వును రద్దు చెయ్యడం ప్రభుత్వానికి మర్యాద కాదు గనుక వివరణ ఇచ్చారు. శాఖ ఏర్పడిన నాటికి పుట్టకుండా ఉండి, ఆ తరవాత పుట్టినవారందరూ భావితరాలే. వారు వంతెన వాడుకోవచ్చు. వారికి నడక రాని పక్షంలో ఒక పూర్వీకుడు ఎత్తుకు నడవవచ్చు.

ఆ మర్నాటి నుంచి మల్లేరుపాడులో చంటిపిల్లలకు వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. సంతకెళ్ళే కూరగాయలమ్మి నుంచి కోర్టుకెళ్ళే ప్లీడరు దాకా చంకలో ఒక పిల్లనెత్తుకుని వంతెన ఎక్కేవారు. అవతలి గట్టున తిరుగు ప్రయాణం వాళ్ళకు ఆ పిల్లల్ని అందించేవారు. పెళ్ళి బస్సు వెళితే ముందు సీట్లో ఒక పిల్లకు ఉయ్యాల కట్టి, బస్సే ఎత్తుకుందనేవారు. పిల్లలు ఊరంతటి చంకలూ ఎక్కి, ఎవరి దగ్గరైనా ఏడవకుండా ఉండటం నేర్చుకున్నారు. పట్టా ఎక్కడికక్కడ చిరిగి ఏట్లో కొట్టుకుపోయింది. కొన్నాళ్ళకు అప్పన్నకు కొడుకు పుట్టాడు. ఆ పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చి, బొంగు ఎత్తి దించడం మానేశాడు. బొంగును ఎవరో పందిరికి పట్టుకుపోయారు.

పరాంకుశం గారు కాలేజీకి తిరిగి వెళ్ళారు. గది నిండా వాలీబాల్ నెట్లు ఉన్నాయి. వాటి మధ్యనే కుర్చీ వేసుకున్నారు. సాయంత్రాలు మనవరాలినెత్తుకుని వంతెన మీద పచార్లు చేసేవారు. ఒకరోజు పత్రికా విలేఖరి ఒకడు ఎదురుపడి, ఇన్నాళ్ళుగా మాట్లాడటం లేదేమని, భవిష్యత్తు ఎలా ఉందో పాఠకుల కోసం రెండు మాటలు చెప్పమని బతిమాలాడు.

పరాంకుశం గారు భుజం మీది తువ్వాలు కొంచెం తొలగించి చూశారు.

"నెమ్మదిగా మాట్లాడు బాబూ. ఇప్పుడే పాలు తాగి పడుకుంది" అన్నారు.